సర్వర్ బ్యాండ్‌విడ్త్ పర్యవేక్షణ

ఒక సర్వర్‌లోకి నెట్‌వర్క్ ద్వారా ఎంత డేటా వస్తోంది, అందులోంచి ఎంత బయటికి పోతోంది, ఏ వేళకు ఏ వేగంతో పోతోంది, అందులో ఏ ప్రోగ్రాము వాటా ఎంత, అది ఎవరికి చేరుతోంది అన్న వివరాలను నిరంతరం లెక్కగట్టి, భద్రపరచి, హద్దు దాటినప్పుడు హెచ్చరించే పనిని బ్యాండ్‌విడ్త్ పర్యవేక్షణ అంటారు. రైలు టికెట్ల నుంచి పరీక్ష ఫలితాల దాకా, వార్తల నుంచి సినిమాల దాకా అన్నీ ఏదో ఒక సర్వర్ నుంచే మన ఫోన్లకు చేరుతున్నాయి. ఆ సర్వర్‌కు ఉన్న లింకు నిండిపోతే, లోపల ప్రాసెసర్ ఎంత ఖాళీగా ఉన్నా, మెమరీ ఎంత మిగిలినా, వాడుకరికి కనిపించేది తెర మీద తిరుగుతున్న చక్రమే. సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీద నడుస్తాయి. ఈ పనికి వాడే పనిముట్లు కూడా చాలావరకు యూనిక్స్ కుటుంబంలోనే పుట్టాయి. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా లినక్స్ సర్వర్లను దృష్టిలో పెట్టుకుంది.

కౌంటర్లు చెప్పేది, మనం లెక్కగట్టేది

సర్వర్ తన వేగాన్ని తాను కొలుచుకోదు. అన్నిటికంటే ముందు గ్రహించాల్సిన సంగతి ఇది. నెట్‌వర్క్ కార్డు మీదుగా ప్యాకెట్ దాటిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ఒక కౌంటర్‌కు అన్ని బైట్లు కలుపుతుంది, అంతే. కరెంటు మీటరులాగే అది ముందుకే తిరుగుతుంది. పోయిన నెల రీడింగుకీ ఈ నెల రీడింగుకీ తేడా చూసి బిల్లు వేసినట్టే, ఇక్కడా రెండు రీడింగుల తేడాను మధ్యలో గడిచిన కాలంతో భాగించాలి. గ్రాఫ్‌లో కనిపించే ప్రతి ‘సెకనుకు ఇన్ని మెగాబిట్లు’ అలా భాగహారంతో వచ్చిందే. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఈ భాగహారం సంగతి మరిచిపోవడమే.

లినక్స్‌లో ఈ కౌంటర్లు ‘ప్రాక్’ డైరెక్టరీలో ‘నెట్’ కింద ‘డెవ్’ అనే ఫైలులో ఉంటాయి. నిజానికి అది డిస్కు మీద ఉండే ఫైలు కాదు, అడిగిన క్షణంలో కెర్నెల్ తయారుచేసి ఇచ్చే పట్టిక. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు ఒక్కో వరస ఉంటుంది. ఎడమవైపు వచ్చినవాటి లెక్క, కుడివైపు పోయినవాటి లెక్క. రెండు వైపులా బైట్లు, ప్యాకెట్లు, లోపాలు, డ్రాప్‌లు అన్న వరుసలో అంకెలు మొదలవుతాయి. ‘సిస్’ డైరెక్టరీలో ఇవే అంకెలు ఒక్కోటీ ఒక్కో చిన్న ఫైలుగా దొరుకుతాయి. స్క్రిప్టు రాసుకునేవాళ్లకు అదే సులువు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సరిగ్గా పది గంటలకు పోయిన బైట్ల కౌంటర్ 734,12,00,000 అని చూపింది. పది సెకన్ల తర్వాత చూస్తే 739,74,50,000 అని ఉంది. తేడా 5,62,50,000 బైట్లు. పదితో భాగిస్తే సెకనుకు 56,25,000 బైట్లు. ఎనిమిదితో గుణిస్తే సెకనుకు 45 మెగాబిట్లు. గిగాబిట్ పోర్టు ఉన్న సర్వర్‌కు ఇది నూటికి అయిదు వంతులు కూడా కాదు, కంగారుపడాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. కానీ ఆ అయిదున్నర కోట్ల పైచిలుకు బైట్లన్నీ అర సెకను లోపే పూర్తి వేగంతో పోయి, మిగతా తొమ్మిదిన్నర సెకన్లూ లింకు ఖాళీగా ఉండి ఉండొచ్చు. రెండు రీడింగులకూ ఆ సంగతి తెలియదు. ఆ అర సెకనులో లింకు నిండి, క్యూ పొంగి, ప్యాకెట్లు రాలిపోయి ఉంటే వాడుకరి ఫిర్యాదు నిజమే అవుతుంది, గ్రాఫ్ చూపిన 45 మెగాబిట్లూ నిజమే అవుతాయి. ఇలాంటి క్షణకాలపు ఉప్పెనలను మైక్రోబర్స్ట్ అంటారు. అయిదు నిమిషాలకోసారి రీడింగు తీసే వ్యవస్థలో అవి బొత్తిగా కనపడవు. పది గిగాబిట్ల లింకు ఒక సెకను పాటు పూర్తిగా నిండి, మిగతా 299 సెకన్లు ఖాళీగా ఉంటే సగటు సెకనుకు 33 మెగాబిట్లే వస్తుంది.

కాబట్టి ఎంత వ్యవధికి సగటు అన్నది చెప్పకుండా బ్యాండ్‌విడ్త్ అంకె చెప్పడం అసంపూర్ణం. నెలవారీ బిల్లుకు అయిదు నిమిషాల సగటు చాలు. వచ్చే ఏడాదికి పెద్ద లింకు కొనాలా వద్దా తేల్చుకోవడానికి గంట సగటైనా పనికొస్తుంది. ‘సైటు ఆగి ఆగి వస్తోంది’ అన్న ఫిర్యాదును ఛేదించాలంటే మాత్రం సెకనుకోసారి చూడాల్సిందే.

బిట్లు, బైట్లు, మధ్యలో తరుగు

లింకు వేగాన్ని బిట్లలోనూ, ఫైలు పరిమాణాన్ని బైట్లలోనూ చెప్పడం ఆనవాయితీ. హోస్టింగ్ కంపెనీలు నెలకు ఇన్ని టెరాబైట్లు అని రాసిస్తాయి, పోర్టు వేగం సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా పనికొస్తుంది: సెకనుకు ఒక్క మెగాబిట్ చొప్పున ముప్పై రోజులు ఆగకుండా పోతే 324 గిగాబైట్లు. అంటే వంద మెగాబిట్ల పోర్టు నెలంతా నిండుగా నడిస్తే 32.4 టెరాబైట్లు.

గిగాబిట్ లింకు మీద ఎంత ప్రయత్నించినా 941 మెగాబిట్లు దాటడం లేదని కొత్తగా పరీక్షించేవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. అది లోపం కాదు. ఈథర్‌నెట్‌లో 1500 బైట్ల ప్యాకెట్‌కు ముందూ వెనకా హెడర్లు, తనిఖీ అంకె, ఫ్రేముల మధ్య వదిలే ఖాళీ కలిపి తీగ మీద 1538 బైట్ల జాగా పడుతుంది. ఆ 1500లో కూడా ఐపీ, టీసీపీ హెడర్లకు, సమయ ముద్రకు 52 బైట్లు పోతాయి. అసలు సరుకు 1448 బైట్లే. 1448ని 1538తో భాగించి చూడండి, 941 అక్కడి నుంచే వచ్చింది. ప్యాకెట్లు చిన్నవైతే తరుగు ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా చిన్నదైన 64 బైట్ల ఫ్రేములతో గిగాబిట్ లింకును నింపితే సెకనుకు దాదాపు 14.88 లక్షల ప్యాకెట్లు వస్తాయి. లింకు నిండకముందే వాటిని అందుకోలేక ప్రాసెసర్ చతికిలపడే సర్వర్లు చాలా ఉన్నాయి. అందుకని బైట్ల గ్రాఫ్ పక్కనే ప్యాకెట్ల గ్రాఫ్ కూడా ఉండాలి. సర్వర్ మీద దాడి జరిగిన రోజున మొదట ఎగిరేది చాలాసార్లు ఆ రెండోదే.

ఎలా మొదలైంది

ఇంటర్నెట్‌లో రద్దీని శ్రద్ధగా కొలవడం ఒక పెద్ద వైఫల్యంతో ఊపందుకుంది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య డేటా వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెండు చోట్లకూ మధ్య దూరం 400 గజాలే. లింకులు తెగిపోలేదు, నిండుగానే నడుస్తున్నాయి. కాకపోతే వాటి మీద పోతున్నది ఎక్కువగా మళ్లీ మళ్లీ పంపిన పాత ప్యాకెట్లే. వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ దీని కారణాన్ని తవ్వి తీశారు. రద్దీని పసిగట్టి టీసీపీ తనంతట తానే నెమ్మదించే పద్ధతులను జేకబ్సన్ 1988లో ప్రచురించిన పత్రంలో వివరించాడు. ఆ రోజుల్లోనే అదే ప్రయోగశాలలో టీసీపీడంప్ పుట్టింది. తీగ మీద పోయే ప్యాకెట్లను ఒక్కొక్కటిగా పట్టి చూపే ఆ పనిముట్టును ముప్పై ఏళ్లు దాటినా సర్వర్ నిర్వాహకులు రోజూ వాడుతున్నారు. అక్కరలేని ప్యాకెట్లను కెర్నెల్‌లోనే వడకట్టే బీపీఎఫ్ అనే ఏర్పాటును స్టీవెన్ మెకేన్, జేకబ్సన్ కలిసి 1993లో ఒక పత్రంలో ప్రకటించారు. దాని వారసుడైన ఈబీపీఎఫ్ 2014లో లినక్స్‌లో చేరింది. నేటి ఆధునిక పరిశీలన పనిముట్లు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి.

1988లోనే ఇంకో దారి కూడా తెరుచుకుంది. రౌటర్లు, స్విచ్‌లు, సర్వర్లు తమ కౌంటర్లను దూరం నుంచి అడిగినా చెప్పేలా ఎస్‌ఎన్‌ఎంపీ అనే నియమావళి వచ్చింది. అడిగి తెలుసుకునే వీలైతే కలిగింది గానీ వచ్చిన అంకెలను కంటికి ఆనేలా చూపేవి తక్కువ. ఆ లోటు తీర్చింది టోబియాస్ ఓటికర్. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో డిమాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీలో 1994లో ఆయన పనిచేస్తున్నప్పుడు అక్కడ బయటి ప్రపంచానికి ఉన్న లింకు 64 కిలోబిట్లదే. దాని మీద ఎంత రద్దీ ఉందో తెలుసుకోవాలని అందరికీ ఆసక్తి. అయిదు నిమిషాలకోసారి కౌంటర్ చదివి వెబ్ పేజీలో గ్రాఫ్ గీసే పెర్ల్ స్క్రిప్టు ఒకటి ఆయన రాశాడు. 1995 వసంతంలో ఎంఆర్‌టీజీ పేరుతో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. వచ్చేది ఆకుపచ్చగా, పోయేది నీలం గీతగా చూపే ఆ గ్రాఫ్‌లు ఇంటర్నెట్ సంస్థలన్నిటా పాకిపోయాయి. అయిదు నిమిషాలన్న వ్యవధి కూడా వాటితోనే స్థిరపడింది.

ఎంఆర్‌టీజీ నుంచే 1999లో, రీడింగులను దాచిపెట్టే ఆర్‌ఆర్‌డీటూల్ వచ్చింది. దాని ఫైలు మొదటి రోజు ఎంత ఉంటుందో పదేళ్లకీ అంతే ఉంటుంది. కొత్త రీడింగులు పాతవాటి చోటులోకి వస్తాయి, పాతవి అరగంట, రెండు గంటలు, రోజు సగటులుగా కుదించుకుపోతాయి. డిస్కులు చిన్నవైన ఆ రోజుల్లో ఇది గొప్ప ఏర్పాటు. అయితే దీని ధర కూడా చిన్నది కాదు. నిరుడు పండుగ రోజు పది నిమిషాల పాటు లింకు నిండిపోయిన సంగతి ఈ ఏడాది చూస్తే రోజు సగటులో కరిగిపోయి ఉంటుంది. సగటులతో పాటు గరిష్ఠాలను కూడా విడిగా దాచమని ముందే చెప్పుకుంటే తప్ప ఆ శిఖరాలు మళ్లీ దొరకవు. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రొమీథియస్ ఈ కుదింపు జోలికి పోదు. రీడింగులను ఉన్నవి ఉన్నట్టు దాచి, గడువు తీరాక చెరిపేస్తుంది. మామూలుగా ఆ గడువు పదిహేను రోజులు. దాని గ్రాఫ్‌లను ఎక్కువమంది 2014లో వచ్చిన గ్రాఫానాలో చూస్తున్నారు.

కౌంటర్ తిరిగి సున్నాకు వచ్చినప్పుడు

తొలినాటి కౌంటర్లు 32 బిట్లవి. వాటిలో పట్టే గరిష్ఠ అంకె సుమారు 429 కోట్ల 49 లక్షలు. అది దాటితే మళ్లీ సున్నా. 64 కిలోబిట్ల లింకు కాలంలో ఇది సమస్యే కాదు. వంద మెగాబిట్ల వేగంలో అయిదు నిమిషాల 43 సెకన్లకు కౌంటర్ ఒక చుట్టు పూర్తిచేస్తుంది, గిగాబిట్‌లో అయితే 34 సెకన్లకే. అయిదు నిమిషాలకోసారి చదివేవాడికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసే మార్గం లేదు. ఫలితంగా గిగాబిట్ పోర్టు గ్రాఫ్ ఎప్పుడు చూసినా 114 మెగాబిట్లు దాటదు, అసలు వేగంతో పొంతన లేకుండా పైకీ కిందికీ ఊగుతుంటుంది. 64 బిట్ల కౌంటర్లు దీనికి మందు. పది గిగాబిట్ల వేగంలో కూడా అవి నిండడానికి నాలుగు శతాబ్దాలు దాటుతుంది. కానీ ఎస్‌ఎన్‌ఎంపీ మొదటి వెర్షన్ వాటిని మోయలేదు. పాత పరికరాన్ని పాత వెర్షన్‌తో అడిగేచోట ఈ తప్పు ఇప్పటికీ దొరుకుతుంది.

సర్వర్ రీబూట్ అయినా కౌంటర్ సున్నా నుంచే మొదలవుతుంది. నెల మొత్తం వాడకం కావాలనుకునేవాళ్లు కెర్నెల్ అంకె మీదే ఆధారపడితే రీబూట్‌తో లెక్క పోతుంది. ఒక్క సర్వర్‌కు నెల లెక్క చూసుకోవడానికి వీఎన్‌స్టాట్ కన్నా తేలికైనది కనపడదు. అది ప్యాకెట్లను ముట్టుకోదు. కౌంటర్‌ను అప్పుడప్పుడు చదివి, తేడాలను తన డేటాబేస్‌లో గంట, రోజు, నెల వారీగా కలుపుకుంటూ పోతుంది. సర్వర్ మీద పడే భారం లెక్కలోకి రానంత. చిన్న వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) తీసుకున్న ప్రతివారూ మొదటి రోజే దాన్ని వేసుకోవడం మంచిది. వేసుకోకముందు గడిచిన కాలం లెక్క దానికి దొరకదు.

ఎవరు వాడుతున్నారు

ఇంటర్‌ఫేస్ కౌంటర్ ‘ఎంత’ అన్నదానికే జవాబు చెబుతుంది. ‘ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఖర్చు పెరుగుతుంది, ఎందుకంటే ప్యాకెట్ల హెడర్లు చదవాలి. ఇఫ్‌టాప్ ఆ పని చేస్తుంది. ఏ రెండు చిరునామాల మధ్య ఎంత పోతోందో తెర మీద వరుసలుగా, రెండు, పది, నలభై సెకన్ల సగటులతో చూపిస్తుంది. మూడు సగటులు పక్కపక్కనే ఉండటం వల్ల ఒక రద్దీ ఇప్పుడే మొదలైందా, చాలాసేపటి నుంచి సాగుతోందా అన్నది చూపుతోనే తెలిసిపోతుంది. నెట్‌హాగ్స్ ఇంకో మెట్టు దిగి, ఆ ప్యాకెట్ ఏ సాకెట్‌ది, ఆ సాకెట్ ఏ ప్రాసెస్‌ది అని వెతికి ప్రోగ్రాము పేరుతో సహా చెబుతుంది. అర్ధరాత్రి రెండింటికి లింకు నింపుతున్నది వెబ్ సర్వర్ కాదు, బ్యాకప్ స్క్రిప్టు అని తేలేది ఇక్కడే. కాకపోతే ప్రాసెస్ క్షణంలో పుట్టి పోతే దాని పేరు చిక్కకపోవచ్చు. ఒక సర్వీసు మొత్తం వాటాను ఎప్పటికప్పుడు లెక్కపెట్టుకోవాలంటే, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో 2017 నుంచి అందుకు ఏర్పాటు ఉంది. ఆ సర్వీసు సెట్టింగుల్లో ఒక్క వరస చేర్చితే అది పంపిన, అందుకున్న ఐపీ బైట్ల లెక్క కెర్నెలే ఉంచుతుంది.

పెద్ద నెట్‌వర్కుల్లో ప్రతి ప్యాకెట్‌నూ చూడటం కుదరదు. 1996లో సిస్కో తెచ్చిన నెట్‌ఫ్లో అందుకు ఒక మార్గం చూపింది. పంపిన చిరునామా, అందుకున్న చిరునామా, రెండు పోర్టులు, ప్రోటోకాల్ ఒకటే అయిన ప్యాకెట్లన్నిటినీ ఒక ప్రవాహంగా పరిగణించి, దానికి ఇన్ని ప్యాకెట్లు, ఇన్ని బైట్లు అని ఒక్క పద్దు రాస్తుంది. 2001లో వివరాలు వెల్లడైన ఎస్‌ఫ్లో పద్ధతి వేరు. అది వేల ప్యాకెట్లలో ఒకదాన్ని మచ్చుకు తీసి మిగతాది అంచనా కడుతుంది. పెద్ద ప్రవాహాల విషయంలో ఆ అంచనా బాగానే నిలుస్తుంది, చిన్నవి వలలో పడకుండానే జారిపోతాయి.

ఈ పనిముట్ల మాట అటుంచితే, వెబ్ సర్వర్ లాగ్‌ను చాలామంది వాడుకోవాల్సినంత వాడుకోవడం లేదు. ప్రతి అభ్యర్థనకూ ఎన్ని బైట్లు పంపిందో అందులో ఉంటుంది. ఫైలు పేరు వారీగా ఆ బైట్లను కూడి, పెద్దది పైకి వచ్చేలా వరస పెడితే చాలు. నెల బ్యాండ్‌విడ్త్‌లో సగం హోమ్ పేజీలోని ఒకే ఒక్క కుదించని ఫొటోకు పోతోందని తెలిసే సందర్భాలు అరుదు కాదు. ప్యాకెట్లు ఎంత శోధించినా ఈ సంగతి చెప్పవు, ఎందుకంటే ఇప్పుడు వెబ్ రద్దీ దాదాపు అంతా ఎన్‌క్రిప్షన్‌లో పోతోంది. ఫైలు పేరు ప్యాకెట్‌లో చదవడానికి దొరకదు.

బిల్లు

సర్వర్లను డేటా సెంటర్‌లో పెట్టుకునేవాళ్లకు వాడుకలో ఉన్న పద్ధతి 95వ పర్సంటైల్. అయిదు నిమిషాలకోసారి తీసిన సగటులు ముప్పై రోజులకు 8,640 అవుతాయి. వాటిని పెద్దది మొదలు చిన్నది దాకా పేర్చి, పైన ఉన్న అయిదు శాతాన్ని, అంటే 432 రీడింగులను తీసేస్తారు. ఆ తర్వాత మిగిలిన వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి బిల్లు వేస్తారు. 432 రీడింగులంటే 36 గంటలు. నెలలో ఏ ముప్పై గంటలో పండుగ రద్దీ వచ్చినా బిల్లు మారదు. రోజుకు గంటన్నర చొప్పున రోజూ రద్దీ ఉంటే మాత్రం నెలకు 45 గంటలవుతుంది, బిల్లు ఆ శిఖరానికే పడుతుంది. రాత్రి బ్యాకప్ గంటన్నరలో ముగియాలని పూర్తి వేగంతో నడిపేవారు దాని వేగాన్ని తగ్గించి నాలుగు గంటలకు సాగదీస్తే ఖర్చు తగ్గడానికి కారణం ఇదే.

క్లౌడ్‌లో లెక్క బైట్ల మీద నడుస్తుంది. లోపలికి వచ్చేదానికి సాధారణంగా డబ్బు తీసుకోరు, బయటికి పోయేదానికే తీసుకుంటారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచినప్పటి నుంచి ఆ క్లౌడ్‌లోని తెలుగువారి సర్వర్లు కూడా తెలుగు నేల మీదే ఉండే వీలు కలిగింది. కానీ సర్వర్ దగ్గరికి వచ్చినంత మాత్రాన బయటికి పోయే బైటు ఉచితం కాదు. అమెజాన్ క్లౌడ్‌లో ఒకే ప్రాంతంలోని రెండు జోన్ల మధ్య తిరిగే డేటాకు కూడా రుసుము ఉంటుంది. డేటాబేస్ ఒక జోన్‌లో, అప్లికేషన్ ఇంకో జోన్‌లో పెట్టి మరిచిపోయినవారికి ఆ సంగతి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

రెండు సంఘటనలు, ఒక ఊహ

2018 ఫిబ్రవరి 28న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు మీదికి సెకనుకు 1.35 టెరాబిట్ల రద్దీ వచ్చి పడింది. దాడి చేసినవారు ఆ రద్దీని సొంతంగా పుట్టించలేదు. మెమ్‌క్యాష్‌డ్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేరేవాళ్ల సర్వర్లకు, అడుగుతున్నది గిట్‌హబ్ అన్నట్టు దొంగ చిరునామాతో చిన్న చిన్న యూడీపీ అభ్యర్థనలు పంపారు. 15 బైట్ల ప్రశ్నకు 750 కిలోబైట్ల జవాబు వెళ్లే అవకాశం అందులో ఉంది, అంటే యాభై వేల రెట్లకు పైగా. దెబ్బ తిన్నది గిట్‌హబ్ అయినా ఆయుధాలైనవి సంబంధం లేని ఆ సర్వర్లు. వాటి యజమానుల గ్రాఫ్‌లో ఇది ఒకే తీరుగా కనిపిస్తుంది: లోపలికి వచ్చేది మామూలే, బయటికి పోయేది ఒక్కసారిగా పోర్టు హద్దును తాకుతుంది. బయటికి పోయే గీతకు కూడా హెచ్చరిక పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే. ఆ వారంలోనే విడుదలైన మెమ్‌క్యాష్‌డ్ కొత్త వెర్షన్ యూడీపీని మామూలుగా మూసి ఉంచడం మొదలుపెట్టింది.

రెండోది వికీమీడియాది, తెలుగు వికీపీడియా పేజీలు కూడా వచ్చేది ఆ సర్వర్ల నుంచే. 2024 డిసెంబరులో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చనిపోయినప్పుడు ఇంగ్లీషు వికీపీడియాలో ఆయన పేజీని ఒక్క రోజులో 28 లక్షల సార్లకు పైగా చూశారు. పేజీల వరకు సర్వర్లు తట్టుకున్నాయి. అదే సమయంలో చాలామంది 1980లో ఎన్నికల ప్రత్యర్థి రీగన్‌తో ఆయన చేసిన గంటన్నర చర్చ వీడియోను చూడటం మొదలుపెట్టారు. రద్దీ మామూలుకు రెట్టింపయింది. ఇంటర్నెట్‌కు పోయే లింకుల్లో కొన్ని దాదాపు గంటసేపు పూర్తిగా నిండిపోయి కొందరికి పేజీలు ఆలస్యంగా తెరుచుకున్నాయి. హెచ్చరిక అందుకున్న ఇంజినీర్లు రద్దీని వేరే దారులకు మళ్లించి సరిచేశారు. అసలు విలువైన పని వాళ్లు ఆ తర్వాత చేశారు. రెట్టింపయితేనే ఎందుకు నిండింది అని పాత గ్రాఫ్‌లు తిరగేస్తే, 2024 జనవరి నుంచి మల్టీమీడియా డౌన్‌లోడ్‌ల బ్యాండ్‌విడ్త్ యాభై శాతం పెరిగి ఉంది. పెరుగుదల మనుషులది కాదు, కృత్రిమ మేధ నమూనాల కోసం ఫొటోలు దించుకుపోతున్న బాట్‌లది. ఒక రోజు శిఖరం కన్నా ఏడాది పొడుగునా మెల్లగా లేచిన నేలమట్టం ప్రమాదకరమని ఈ ఉదంతం చెబుతోంది. అది కనపడాలంటే ఏడాది రీడింగులు దాచి ఉండాలి.

మన దగ్గర ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజు అందరికీ అనుభవమే. అలాంటి రోజును ముందే లెక్కగట్టుకోవచ్చు. మార్కుల పేజీ 50 కిలోబైట్లు ఉండి, ఒక నిమిషంలో లక్షమంది చూస్తే అవసరమయ్యేది సెకనుకు సుమారు 667 మెగాబిట్లు. ఒక్క గిగాబిట్ లింకు చాలు. అదే పేజీకి బ్యానర్లు, నాయకుల ఫొటోలు తగిలించి రెండు మెగాబైట్లు చేస్తే అవసరం నలభై రెట్లయి 26 గిగాబిట్లు దాటుతుంది. పిల్లవాడికి కావాల్సిన మార్కులు మారలేదు, సర్వర్ మీద బరువే మారింది. మొదటి రకం పేజీతో కూడా సైటు ఆగిపోతే ఇబ్బంది లింకులో లేదు, డేటాబేస్‌లోనో కనెక్షన్ల పరిమితిలోనో ఉంది. బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ కిందే ఉండటం అప్పుడు విలువైన సాక్ష్యం.

గ్రాఫ్ చెప్పనివి

లింకు నిండిందనడానికి ఎత్తయిన గీత ఒక్కటే గుర్తు కాదు. డ్రాప్‌ల కౌంటర్ కదులుతోందా, టీసీపీ ఎన్ని ప్యాకెట్లను మళ్లీ పంపుతోంది, ఆలస్యం పెరుగుతోందా అన్నవి కూడా చూడాలి. గ్రాఫ్ పైకి ఎక్కి సమతలంగా ఆగిపోయిందంటే అక్కడ ఏదో హద్దు ఉందని అర్థం. గిగాబిట్ పోర్టు 94 మెగాబిట్ల దగ్గర అలా ఆగితే కేబుల్‌ను అనుమానించాలి. లోపలి నాలుగు జతల్లో ఒకటి తెగినా లింకు చప్పుడు లేకుండా వంద మెగాబిట్లకు దిగిపోయి నడవొచ్చు. ఫ్రేము లోపాల కౌంటర్ పెరుగుతున్నా చూడాల్సింది మొదట తీగనే. గీత ఉన్నట్టుండి సున్నాకు పడిపోవడం కూడా హెచ్చరించదగ్గ సంగతే, కానీ గరిష్ఠ హద్దు పెట్టుకున్నవాళ్లలో చాలామంది కనిష్ఠ హద్దు పెట్టుకోరు.

కంటెయినర్లు నడిచే సర్వర్‌లో అన్ని ఇంటర్‌ఫేస్‌ల అంకెలూ కూడితే తప్పు మొత్తం వస్తుంది. కంటెయినర్‌లోంచి బయలుదేరిన ఒకే బైటు దాని వర్చువల్ ఇంటర్‌ఫేస్ మీద, బ్రిడ్జి మీద, అసలు కార్డు మీద విడివిడిగా లెక్కకెక్కుతుంది. బిల్లుకు సంబంధించినది ఆఖరిదే. టీసీపీడంప్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లు దాటి పదుల కిలోబైట్లుగా కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. ముక్కలు చేసే పని కార్డుకు అప్పగించడం వల్ల, కోసే ముందే మనం చూస్తున్నాం. హోస్టింగ్ కంపెనీ లెక్కకీ సర్వర్ లెక్కకీ తేడా రావడం కూడా మామూలే, ముఖ్యంగా దాడి ప్యాకెట్లను మధ్యలోనే ఆపేసిన రోజున. తేడా ఏ రోజుల్లో వచ్చిందో చూపడానికి సొంత రీడింగులు దగ్గర ఉంటే మాట్లాడటం తేలిక.

ఎన్‌క్రిప్షన్ వల్ల సారాంశం దాగినా ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎంత అన్నది ప్రవాహ పద్దుల్లో మిగిలే ఉంటుంది. ఒక ఆసుపత్రి సర్వర్‌కు ఏ చిరునామా నుంచి ఎన్నిసార్లు వచ్చారన్నదే ఒక మనిషి గురించి చాలా చెబుతుంది. ఇంటర్‌ఫేస్ అంకెల్లో ఆ ప్రమాదం లేదు, వాటిని ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. చిరునామాలున్న పద్దులను అవసరమైనంత కాలమే ఉంచి, వాటిని చూడగలిగేవారిని కొద్దిమందికే పరిమితం చేయాలి. భారతదేశంలో సైబర్ భద్రతను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కౌంటర్ అంకెలను ఒకచోట, చిరునామాలున్న లాగ్‌లను ఇంకోచోట పెట్టి రెండింటికీ వేర్వేరు గడువులు పెట్టుకున్న సంస్థ, లాగ్‌ల గడువు తీరిన రోజున వాటిని చెరిపేసినా తన ఏడాది గ్రాఫ్‌లను పోగొట్టుకోదు.